లారీ గేరుబాక్సు చప్పుడు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పంచాయతీకి గల ఆస్తులలో భవనము, బావి, వీధిదీపపు స్తంభము ఉన్నచోటనే ఉండును. లారీ మాత్రము ప్రతిదినము కదలుచు, ప్రతిదినము కొంత అరుగుచుండును. వేసవిలో మంచినీటి ట్యాంకును మోయునది, చెత్తను ఊరి వెలుపలకు చేర్చునది, బాటకు కంకర తెచ్చునది అదియే. అట్టి లారీ గేరుబాక్సులో చప్పుడు వచ్చుచున్నదని డ్రైవరు చెప్పినపుడు సాధారణముగా రెండు పొరపాట్లు జరుగుచుండును. "పాత బండి కదా, చప్పుడు రాక మానునా" అని ఊరకుండుట మొదటిది. పరీక్షలేవియు చేయింపకయే గేరుబాక్సును మొత్తము విప్పించుట రెండవది. మొదటి దానివలన ఒక్క బేరింగుతో తీరవలసిన నష్టము గేర్లన్నిటికిని పాకును. రెండవ దానివలన అక్కరలేని మరమ్మతునకు గ్రామస్థుల సొమ్ము వ్యయమగును.

ఈ రెండు పొరపాట్లను తప్పించుకొనుటకు పంచాయతీ సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. ఒక్క సూత్రము తెలిసియుండిన చాలును. చప్పుడు ఎట్లున్నది అనుదానికంటె, అది ఎప్పుడు వచ్చుచున్నది, ఎప్పుడు ఆగుచున్నది అనునదియే ముఖ్యము. ఏ భాగము తిరుగుచున్నపుడు చప్పుడు వచ్చునో, ఏది నిలిచినపుడు ఆగునో గమనించినచో, పెట్టె మూత తీయకముందే దోషమున్న చోటు చాలవరకు తెలిసిపోవును. ఆ పద్ధతిని ఈ వ్యాసములో క్రమముగా చూతము.

గేరుబాక్సు పనిచేయు విధము

మన ప్రాంతపు బాటలపై తిరుగు లారీలకు పాత చరిత్రయే కలదు. టాటా సంస్థ 1954లో జంషెడ్‌పూరునందు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారముతో లారీల నిర్మాణము ఆరంభించినది. ఆ సహకారము 1969లో ముగిసినది. చిన్న లారీలలో మిక్కిలి వ్యాప్తి చెందిన టాటా 407 1986లో వెలువడినది. ఇన్ని సంవత్సరములలో నమూనాలు మారినను, చేతితో గేరు మార్చు లారీలో శక్తి ప్రసరించు మార్గము మాత్రము మారలేదు.

ఇంజను శక్తి మొదట క్లచ్చునకు వచ్చును. క్లచ్చు నుండి ఇన్‌పుట్ షాఫ్టు ద్వారా గేరుబాక్సులోనికి ప్రవేశించును. అచ్చట ఇన్‌పుట్ షాఫ్టు క్రింది వరుసలోని లే షాఫ్టును త్రిప్పును. లే షాఫ్టు పండ్లు పై వరుసలోని మెయిన్ షాఫ్టు గేర్లను త్రిప్పును. డ్రైవరు గేరు వేసినపుడు వానిలో ఒక్కటి మాత్రమే మెయిన్ షాఫ్టుతో బంధింపబడును. అప్పుడు మెయిన్ షాఫ్టు తిరిగి, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక హౌసింగులోని కిరీటపు గేరును, దాని ద్వారా చక్రములను త్రిప్పును.

ఇందు మూడు విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి: బండి నిలిచి, గేరు న్యూట్రలులో ఉండి, క్లచ్ పెడలుపై కాలు లేనపుడు ఇన్‌పుట్ షాఫ్టును, లే షాఫ్టును తిరుగుచునే యుండును, మెయిన్ షాఫ్టు నిలిచియుండును. రెండు: పెడలు పూర్తిగా త్రొక్కినచో ఆ రెండును నెమ్మదించి ఆగిపోవును. మూడు: ఇంజను వేగము నేరుగా వెనుకకు పోవు గేరు ఒకటి ఉండును. దానిని డైరెక్టు గేరు అందురు. నాలుగు గేర్ల బండిలో సాధారణముగా ఇది నాలుగవది. అయిదు గేర్ల బండిలో కొన్నిటికి నాలుగవది, కొన్నిటికి అయిదవది. ఈ గేరులో లే షాఫ్టు తిరుగుచున్నను దానిపై భారము పడదు. మన పరీక్షలన్నియు ఈ మూడు సంగతులపై ఆధారపడినవే.

మొదటి పని నూనె చూచుట

ఏ పరీక్షకైనను ముందు గేరుబాక్సులోని నూనెను చూడవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. నూనె తగ్గిన పెట్టె తప్పక మ్రోగును. బండిని సమతలముపై నిలిపి, ఇంజను ఆపి, నూనె క్రిందికి దిగువరకు ఆగి, ప్రక్కనున్న ఫిల్లర్ ప్లగ్గును విప్పవలెను. సాధారణముగా నూనె ఆ రంధ్రపు క్రింది అంచును తాకుచుండవలెను. తగ్గియున్నచో నింపుటతో పని ముగియదు. ఎచ్చట కారినదో వెదకవలెను. ముందు, వెనుక ఆయిల్ సీళ్లు, ప్యాకింగులు, డ్రెయిన్ ప్లగ్గు తడిసియున్నవేమో చూడవలెను.

తరువాత కొంచెము నూనెను తెల్లని పళ్లెములోనికి తీసి వెలుగులో పరీక్షింపవలెను. అది నాలుగు విధములుగా మాటలాడును. ప్లగ్గునకు గల అయస్కాంతముపై మెత్తని బూడిదరంగు ముద్ద కొద్దిగా ఉన్నచో అది మామూలు అరుగుదల. మెరయు ఇనుప పెంకులు, పంటి ముక్కలు కనిపించినచో బండిని వెంటనే ఆపివేయవలెను. పసుపురంగు ఇత్తడి రేణువులు ఎక్కువగా ఉన్నచో సింక్రో రింగులు అరుగుచున్నవని ఊహింపవచ్చును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని అర్థము. వాగులు దాటు బండ్లలో ఇది జరుగుచుండును.

ఏ నూనె పోయవలెనో ఆ బండి పుస్తకమే చెప్పవలెను. అనేక పాత లారీలకు ఎస్.ఎ.ఇ. 80డబ్ల్యు-90 లేక 90 రకపు గేరు నూనె, జి.ఎల్.-4 తరగతిది, నిర్దేశింపబడియుండును. జి.ఎల్.-5 తరగతి సంఖ్యలో పెద్దది గనుక మేలైనదని భ్రమపడరాదు. అది ముఖ్యముగా వెనుక హౌసింగు కొరకు ఉద్దేశింపబడినది. దానిలోని గంధక సంబంధమైన ద్రవ్యములు కొన్ని గేరుబాక్సులలోని ఇత్తడి రింగులకు హాని చేయును. తయారీదారు అనుమతించినపుడు తప్ప దానిని గేరుబాక్సులో పోయరాదు. ట్రాక్టరు విషయము వేరు. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము ద్వారా తెలంగాణలోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినవి. అనేక ట్రాక్టర్లలో గేర్లకును, హైడ్రాలిక్కునకును ఒకే నూనె వాడబడును. కనుక లారీ నూనెను ట్రాక్టరులో పోయుట తగదు.

నిలిపి చేయు పరీక్షలు

బండిని సమతలముపై నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టవలెను. పరీక్షించువారు కండువా, పంచె, వదులైన చేతులు తిరుగు భాగముల దరికి పోకుండ జాగ్రత్తపడవలెను. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవ్వరును పోరాదు.

ఇంజను నడుపుచు, గేరు న్యూట్రలులో ఉంచి, పెడలుపై కాలు తీసి వినుడు. చప్పుడు వచ్చుచున్నదా? ఇప్పుడు పెడలును పూర్తిగా త్రొక్కి వినుడు. చప్పుడు ఆగిపోయినచో దోషము గేరుబాక్సు లోపల, ఇన్‌పుట్ షాఫ్టు బేరింగులోగాని, లే షాఫ్టు బేరింగులలోగాని, ఎల్లప్పుడు కలిసియుండు గేర్లలోగాని ఉండును. అయితే ఇంజను మిక్కిలి నెమ్మదిగా తిరుగునపుడు మాత్రమే వచ్చు టకటక శబ్దము, వేగము కొద్దిగా పెంచగానే ఆగినచో, గేరుబాక్సును అనుమానింపనక్కరలేదు. ఇంజను నెమ్మది వేగమును సరిచేయించి, అప్పటికిని తగ్గనిచో క్లచ్ ప్లేటులోని స్ప్రింగులను చూపింపవలెను.

ఇందుకు విరుద్ధముగా, పెడలు త్రొక్కినపుడే చప్పుడు ఆరంభమైనచో గేరుబాక్సు నిర్దోషి. పెడలును కొద్దిగా తాకగానే వచ్చు సన్నని రొద రిలీజు బేరింగుది. పెడలు పూర్తిగా అడుగునకు పోయినపుడే కీచుమనునది సాధారణముగా పైలట్ బేరింగుది. ఈ రెండును క్లచ్చునకు సంబంధించినవి. వీనిని మార్చుటకు గేరుబాక్సును క్రిందికి దింపవలసియున్నను, దానిని విప్పి లోపలి సామగ్రి మార్చుట అనవసరము. రెండింటి బిల్లులకు గల భేదమును సభ్యులు గ్రహింపవలెను.

చప్పుడు ముందుభాగమున వచ్చుచున్నదా, వెనుకనా అని తెలిసికొనుటకు పొడవైన స్క్రూడ్రైవరు చాలును. దాని కొనను పెట్టె పైభాగమునకు ఆనించి, పిడికి చెవి చేర్చినచో, బేరింగు దరికి పోవుకొలది శబ్దము స్పష్టమగును. ఈ పరీక్ష బండి నిలిచి, గేరు న్యూట్రలులో ఉన్నపుడు మాత్రమే చేయవలెను.

నడిపి చేయు పరీక్షలు

జనసంచారము లేని సమతల మార్గమున, ఖాళీ బండితో, డ్రైవరు ప్రక్కన ఒకరు కూర్చుండి వ్రాసికొనవలెను. ఒక్కొక్క గేరులో కొంత దూరము నడిపి, చప్పుడు ఉన్నదా, లేదా అని గుర్తింపవలెను.

ఒక్క గేరులో మాత్రమే చప్పుడు వచ్చినచో ఆ గేరు పండ్లుగాని, దాని లోపలి బేరింగుగాని చెడియుండును. క్రింది గేర్లలో ఎక్కువగా వచ్చి, డైరెక్టు గేరులో బాగుగా తగ్గినచో లే షాఫ్టును అనుమానింపవలెను. ఆ గేరులో దానిపై భారము లేదు గదా! డైరెక్టు గేరులోను తగ్గక, నిలిచియున్నపుడు న్యూట్రలులోను వచ్చుచున్నచో ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును చూడవలెను. నిలిచియున్నపుడు ఎంతమాత్రము లేక, కదలగానే అన్ని గేర్లలోను వచ్చినచో మెయిన్ షాఫ్టు వెనుక బేరింగుగాని, దానికి వెనుకనున్న భాగములుగాని కారణము కావచ్చును.

ఈ కడపటి సందర్భములో మరియొక పరీక్ష కలదు. సమతలముపై మితమైన వేగముతో పోవుచు, గేరును న్యూట్రలునకు తెచ్చి, బండిని తనంతట దొర్లనిచ్చి వినవలెను. ఇంజను నెమ్మదించినను చప్పుడు చక్రముల వేగముతోపాటు సాగుచున్నచో ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను, సెంటరు బేరింగును, వెనుక హౌసింగును ముందుగా చూడవలెను. ఏక్సిలరేటరు నొక్కినపుడు ఒక విధముగా, వదలినపుడు మరియొక విధముగా వచ్చు ఊళ వంటి రొద హౌసింగులోని కిరీటపు గేరు, పీనియను నుండి వచ్చుట కద్దు. ఈ దొర్లు పరీక్షను పల్లమున ఎన్నడును చేయరాదు. పల్లమున గేరు తీసిన బండికి ఇంజను ఇచ్చు నిరోధము పోయి, బ్రేకులే దిక్కగును.

గేరు మార్చునపుడు వచ్చు గరగర

గేరు మార్చునపుడు మాత్రమే గరగరమని, తరువాత నిశ్శబ్దముగా నడచు బండిలో చాలమారు దోషము క్లచ్చుదే. క్లచ్చు పూర్తిగా విడువనిచో ఇన్‌పుట్ షాఫ్టు ఆగక, పండ్లు రాచుకొనును. పరీక్ష సులభము. బండి నిలిపి, ఇంజను నెమ్మదిగా నడుచుచుండ పెడలును పూర్తిగా త్రొక్కి, అయిదారు సెకండ్లు ఆగి, రివర్సు గేరు వేయవలెను. అప్పటికిని గరగరమన్నచో క్లచ్చు విడుచుట లేదు. పెడలు ఆటను సరిచేయించి, హైడ్రాలిక్ క్లచ్చు అయినచో గాలి తీయించి చూడవలెను. ఇది స్వల్ప వ్యయముతో కూడిన పని.

క్లచ్చు సరిగానుండి, ఒక్క గేరునకు మారునపుడే గరగరమన్నచో ఆ గేరు సింక్రో రింగు అరిగియుండును. మిక్కిలి పాత లారీలలో కొన్నిటికి సింక్రో రింగులే ఉండవు. వానిని నడుపువారు గేరు మార్చునపుడు న్యూట్రలు వద్ద ఒకమారు కాలు తీసి, మరల పెడలు త్రొక్కవలెను. క్రొత్త డ్రైవరునకు ఈ అలవాటు లేనిచో బాగున్న గేరుబాక్సు కూడ చప్పుడు చేయును. అప్పుడు కావలసినది మరమ్మతు కాదు, శిక్షణ.

వేసిన గేరు తనంతట జారిపోవుచున్నచో దానిని చప్పుడుకంటె ప్రమాదకరముగా ఎంచవలెను. పెట్టె మౌంటింగులు సడలుట, లోపలి స్ప్రింగు బలహీనపడుట, గేరు ఫోర్కు అరుగుట ఇందుకు కారణములు. ట్యాంకులో 5,000 లీటర్ల నీరున్నచో దాని బరువే 5 టన్నులు. అంత భారముతో పల్లమునకు దిగు లారీలో గేరు జారినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అట్లే, పూర్తిగా చెడిన బేరింగు పగిలి లోపల బిగిసికొన్నచో నడచుచున్న బండి చక్రములు ఒక్కసారిగా పట్టివేయవచ్చును. కనుక చప్పుడు దినదినము పెరుగుచున్న లారీని "వేసవి గడువనిమ్ము" అని నడిపించుట ధనము విషయములోనే కాదు, ప్రాణము విషయములోను సాహసమే.

ఒక ఉదాహరణము

ఒక పంచాయతీ ట్యాంకరు లారీ ఉన్నదనుకొందము. నూనె సరిగానున్నది. నిలిచియుండగా న్యూట్రలులో గురగురమని రొద వచ్చును. పెడలు త్రొక్కగానే ఆగును. మొదటి మూడు గేర్లలో రొద హెచ్చు. డైరెక్టు గేరులో చాల తగ్గును. పెడలు త్రొక్కగా ఆగినది గనుక రిలీజు బేరింగు కాదు. నిలిచియుండగా వచ్చినది గనుక మెయిన్ షాఫ్టు వెనుక బేరింగు కాదు, హౌసింగు కాదు. డైరెక్టు గేరులో తగ్గినది గనుక ఇన్‌పుట్ షాఫ్టు బేరింగుకంటె లే షాఫ్టు బేరింగులకే ఎక్కువ అవకాశము. ఒక్క రూపాయి వెచ్చింపకయే అనుమానము ఒక్కచోటికి చేరినది. ఇప్పుడు మెకానిక్కుతో మాటలాడుటకు పంచాయతీకి ఆధారము కలదు.

మరమ్మతు చేయించు విధము

గేరుబాక్సును దింపుట షెడ్డులో, తగిన జాకీతో చేయవలసిన పని. బ్యాటరీ తీగ విప్పి, ప్రొపెల్లర్ షాఫ్టు ఏ విధముగా అమరియుండెనో గుర్తుపెట్టి తీయవలెను. పెట్టె బరువును ఇన్‌పుట్ షాఫ్టుపై వ్రేలాడనిచ్చినచో క్లచ్ ప్లేటు వంగిపోవును. పెట్టె దిగిన తరువాత క్లచ్ ప్లేటు, రిలీజు బేరింగు, పైలట్ బేరింగు తప్పక చూడవలెను. వీనికొరకు మరల దింపినచో కూలి రెండుమారులు ఇయ్యవలసివచ్చును.

పెట్టె విప్పినపుడు ఒక్క చెడిన బేరింగును మాత్రమే మార్చుట పొదుపువలె కనిపించును గాని పొదుపు కాదు. దాని ఇనుప రేణువులు నూనెతో కలిసి తక్కిన బేరింగులలోనికి పోయియుండును. కనుక లోపలి భాగములన్నిటిని కడిగి, అరిగిన బేరింగులన్నిటిని, సీళ్లను, ప్యాకింగులను ఒకేమారు మార్చుట మేలు. పంటి గేరు విరిగినచో దానితో కలిసి తిరుగు జతగేరును కూడ మార్చవలెను. క్రొత్తది పాతదానితో కలిసినచో చప్పుడు పోక మిగిలియుండును. షాఫ్టుల ఆటను తయారీదారు చెప్పిన కొలతకు షిమ్ములతో సరిచేయింపవలెను. బిగించి, క్రొత్త నూనె పోసిన పిదప, మొదట మనము చేసిన పరీక్షలనే మరల చేసి చూడవలెను. తీసిన పాత నూనెను కాలువలోగాని, బావి దరినిగాని పోయరాదు. డబ్బాలో భద్రపరచి శుద్ధిచేయువారికి అప్పగింపవలెను.

చప్పుడును అణచుటకు చిక్కని గ్రీజునో, రంపపు పొట్టునో పెట్టెలో వేయుట మోసగాండ్ర పద్ధతి. కొలదిదినములు నిశ్శబ్దముగానుండి, నూనె తిరుగు దారులు మూసికొని, పెట్టె మొత్తము చెడును. పాత లారీ కొనునపుడును ఈ మోసము జరుగునని తెలిసి, నూనెను తీసి చూచిన తరువాతనే బేరము కుదుర్చుకొనవలెను.

తీర్మానమునకు ముందు

మరమ్మతునకు సొమ్ము మంజూరు చేయుటకు ముందు సభ్యులు బండి వయస్సును చూడవలెను. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారము, 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వములకును, పురపాలక సంఘములకును, పంచాయతీలకును చెందిన వాహనముల రిజిస్ట్రేషను 15 సంవత్సరములతో ముగియును. పదునాలుగవ యేట ఉన్న లారీకి గేరుబాక్సు మొత్తము మార్పించుటకంటె, మిగిలిన కాలమునకు సరిపడు మరమ్మతు చేయించి, క్రొత్త బండికి ఏర్పాటు చేసికొనుట వివేకము. ఎనిమిదేండ్ల లారీకి మాత్రము పూర్తి మరమ్మతే లాభకరము.

రెండు షెడ్ల నుండి వ్రాతపూర్వకమైన అంచనాలు తెప్పించి, సామగ్రికి, కూలికి వేరువేరుగా మొత్తములు చూపుమని కోరవలెను. మార్చిన పాత భాగములను తిరిగి ఇయ్యవలెనని ముందే చెప్పి, వానిని సమావేశములో సభ్యులందరికి చూపింపవలెను. నూనె పోసిన తేది, మీటరు అంకె, డ్రైవరు విన్న చప్పుడు లాగుబుక్కులో వ్రాయింపవలెను. నెలకొకమారు ఆ పుస్తకమును సభ్యులు చదివినచో చాలును. చప్పుడు ఎప్పుడు ఆరంభమైనదో, ఎంత వేగముగా పెరుగుచున్నదో దానియందే కనిపించును.

అన్నిటికంటె ముఖ్యమైనది డ్రైవరు మాటను వినుట. ఆ బండిపై దినమంతయు కూర్చుండువాడు అతడే; మొదటి మార్పును గుర్తించు చెవి అతనిదే. చప్పుడు గురించి చెప్పిన డ్రైవరును "నీవే పాడు చేసితివి" అని నిందించిన పంచాయతీకి రెండవమారు ముందుగా కబురు అందదు. బండి నడిబాటలో ఆగినపుడే అందును. వినినది వెంటనే చెప్పు డ్రైవరును, చెప్పినది పరీక్షింపజేయు సభ్యులును ఉన్న గ్రామములో లారీ తన ఆయుర్దాయము పూర్తిగా సేవచేయును. వేసవిలో బిందెలతో నిలిచిన ఇల్లాండ్రకు ట్యాంకరు వేళకు వచ్చును.

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన లారీ గేరుబాక్సులో నూనెను కడపట ఎప్పుడు చూచితిమి? ఏ రకపు నూనె పోసితిమి?
2. న్యూట్రలులో చప్పుడు వచ్చి, పెడలు త్రొక్కగా ఆగినచో దోషము ఎచ్చట ఉండును? పెడలు త్రొక్కినపుడే ఆరంభమైనచో ఎచ్చట?
3. మన లారీకి 15 సంవత్సరములు ఎప్పుడు నిండును? అప్పటికి మరియొక బండికి ఏమి ఏర్పాటు చేసితిమి?
4. డ్రైవరు చెప్పిన సంగతులు లాగుబుక్కులో ఎక్కుచున్నవా? వానిని ఎవరు చదువుచున్నారు?